పిట్ట అనుకున్న ఆకు

వలసపక్షులు ఇంటిదారి పట్టే ఋతువిది. దూరాన ఉన్నవారికి ఇల్లు గుర్తుచేయడమే దీని ధర్మం.

సౌభాగ్యవతికి ఆశీస్సులు, నేను క్షేమం. ఈ ఉదయం పెద్దమ్మాయి నన్ను సముద్రతీరానికి తీసుకువెళ్లింది. తడి ఇసుకలో ముక్కులు గుచ్చుతున్న ఉల్లంకి పిట్టలను నేనే ముందు గుర్తుపట్టాను. వెనుక పొదలో పాటపిట్ట కూస్తున్నదట. నా చెవికి అందలేదు. దుర్భిణి ఎత్తి, దానినే చూస్తున్నాననుకుని చాలాసేపు మురిశాను.

"నాన్నా, అది ఎండుటాకు! అమ్మ ఉంటే మీ తల పట్టుకుని అటు తిప్పేది," అని పకపకా నవ్వింది.

నిజమే. నీవు విని చూపితేనే కదా, ఇన్నేళ్లూ నేను చూసింది!

చిన్నమ్మాయికి నెలలు నిండినవేళ నిన్ను రమ్మనలేను. దానిని మెట్లు ఎక్కనివ్వకు. ఈ పిట్టలు మన పెరటి మీదుగానే వెళతాయి. ఎలా కూశాయో కార్డు రాయి.

పుట్టబోయే బిడ్డకు నా కన్ను వచ్చినా రాకున్నా, నీ చెవి మాత్రం తప్పక కలుగుగాక.