నెమ్మది పాటలు

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ బావా పిల్లలూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను.

మా బ్యాండు కొత్త ఆల్బమ్ గురించి విన్నవాళ్ళు ఏమంటున్నారని అడిగావు. ఏమంటారక్కా, దుమ్మెత్తిపోస్తున్నారు! "ఈ పాటలు పెడితే మా పాప హాయిగా నిద్రపోయింది, థాంక్స్" అని ఒకావిడ రాసింది. "మొదటి ఆల్బమ్‌లో నిప్పులు కురిపించినవాళ్ళు వీళ్ళేనా? చల్లారిపోయారు" అని ఇంకొకడు. మెచ్చుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఒకాయన మాత్రం, "ఎవరూ పట్టించుకోలేదు గానీ వీళ్ళు చేసినవాటిలో ఇదే గొప్పది. ఆ డ్రమ్మర్ దెబ్బని ఆపి ఆపి వేస్తున్నాడు, ఏం నిగ్రహం!" అని పేజీడు రాశాడు. నిగ్రహమట, నా మొహం.

పాటలు కట్టేటప్పుడు నేనూ గొడవపడ్డాను. మా పాటగాడు బొంగురు నీకు తెలుసుగా, వాడు ప్రతి పాటా ఈడ్చుకుంటూ తెచ్చేవాడు. "కాస్త ఊపు పెంచి చావరా!" అంటే, "నెమ్మదిగా ఉంటేనే మాట వినపడుతుందిరా" అనేవాడు. గిటారు వాయించే గడ్డంగాడు వాడికి వంత. బద్ధకస్తులని ఇద్దర్నీ నానా మాటలూ అన్నాను. నవ్వేసి ఊరుకున్నారు.

నా అక్షరాలు ఎందుకలా వంకరపోతున్నాయని కూడా అడిగావు. దాటేద్దామనుకున్నాను, నీ దగ్గర కుదరదు. కుడిచెయ్యి నా మాట వినడం లేదక్కా. వేగం పెంచితే వేళ్ళు బిగుసుకుపోయి డ్రమ్ము కర్ర జారిపోతోంది. నరాల జబ్బట, తగ్గేది కాదట. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. పైకి ఊపు ఊపు అని అరిచినా, పాటలు నెమ్మదివి కావడంతో లోపల హమ్మయ్య అనుకున్నాను.

మొన్న రికార్డింగ్ గదికి వెళ్ళాను. సౌండు చూసే ఆయన ఏదో వెతుకుతూ ఒక ముక్క వినిపించాడు. అవే పాటలు, బొంగురు గొంతే, కానీ గుర్రాల్లా పరుగెడుతున్నాయి!

"ఇవెప్పటివండీ?" అన్నాను.

"మొదట వాళ్ళిద్దరూ ఇలాగే కట్టారు కదండీ. మీ చెయ్యి చూశాక మార్చేశారు. మీకు తెలీదా?" అని నాలిక కరుచుకున్నాడు.

నా కోసం అన్ని తిట్లు తింటున్నారక్కా, వెధవలు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. తిన్నగా బొంగురు ఇంటికెళ్ళి, "నేను మానేస్తాను, చెయ్యి బాగున్నవాణ్ణి పెట్టుకోండి" అన్నాను. వాడు బట్టలు మడతపెడుతున్నాడు.

"నువ్వు పోతే జనం దృష్టిలో ఆ ఆల్బమ్ నీ జబ్బు అయిపోతుందిరా. ఉంటే మన పాటలుగా ఉంటాయి. ఆ దుప్పటి అంచు పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. ఇంకేం చెయ్యను? తిట్టి పొమ్మంటే పోయేవాణ్ణి. ఇలా ప్రేమగా కట్టిపడేస్తే ఎటు కదలను? ఉంటే వాళ్ళని ముంచుతాను, పోతే వాళ్ళు పడ్డ మాటలన్నీ వృథా. ఊపిరాడటం లేదక్కా.

నిన్న కచేరీ జరిగింది. సగంలో జనం మా మొదటి ఆల్బమ్‌లోని పాట కావాలని కేకలు మొదలుపెట్టారు. మాకు పేరు తెచ్చిందీ, బొంగురు ప్రాణం పెట్టి రాసిందీ అదొక్కటే. అది ఎంత వేగమో నీకు తెలుసు. పరువు పోతే పోయిందని కర్రలెత్తాను. వాడు ఒక్కసారి వెనక్కి చూసి, మైకు దగ్గరకెళ్ళి, "నా గొంతు పాడైపోయింది. ఆ పాట ఇక పాడలేను, క్షమించండి" అన్నాడు.

ఆ రోజు పొద్దునే వ్యానులో అదే పాట ఎలుగెత్తి పాడాడక్కా! అంతమందిలో ఆ మాట అన్నాక వాడింక ఎక్కడా దాన్ని పాడలేడు.

జనం ఈలలేసి వెక్కిరించారు. వాడు తర్వాతి పాట మొదలుపెట్టమని నాకు సైగ చేశాడు. మొదలుపెట్టాను.

ఇట్లు,
నీ తమ్ముడు