పగటి వెలుతురులో జెరూష కళ్ళు

జూబ్లీ హిల్స్, మంగళవారం

అత్తయ్య గారికి, ఫోనులో మీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

కరుణ తన కాలేయంలో ముక్క బిడ్డకిచ్చి ఎనిమిది రోజులైంది. వార్డులో నడుస్తోంది. జెరూష ఇంకా ఐసీయూలోనే ఉంది. దాని కళ్ళలో పసుపు ఎంత తగ్గిందో రోజూ పుస్తకంలో రాసుకుంటున్నాను. నిన్న తెల్లగానే కనిపించాయి. కానీ ఫిల్మ్ నగర్‌లో ఇరవై ఏళ్ళు సెట్లకు రంగులేసినవాణ్ణి, లైట్ల కింద రంగును నమ్మను. ఇవాళ నర్సమ్మను బతిమాలి కిటికీ తెర తీయించాను.

"ఏంటి నాన్నా, సెట్టు చూసినట్టు చూస్తున్నావ్? ఓకేనా?" అంది జెరూష.

ఎండలోనూ తెలుపే. పుస్తకంలో అదే రాసుకున్నాను. తల్లి ఒంట్లో ముక్క బిడ్డలో పనిచేస్తోంది. తల్లికేమో అది మళ్ళీ పెరుగుతుందట. ఇంత పని చేసిన డాక్టరమ్మ చేతులు చూశాను, జెరూష చేతులంతే ఉన్నాయి.

ఊరగాయ పంపకండి, ఇప్పుడప్పుడే పెట్టకూడదట. మీ మోకాలి నొప్పి తగ్గిందా? క్రిస్మస్‌కి మీరు కుట్టించిన పసుపు గౌను, ముఖం ఇంకా పచ్చగా కనిపిస్తుందని జెరూష వేసుకోకుండా మీ దగ్గరే వదిలేసింది కదా. అది పంపండి, తనే అడిగింది.

ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ అల్లుడు
శాంతరాజు