చెంప ఆనించే ఎత్తు

చిరంజీవి పిచ్చుకకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది:

మీ రైఫిలు క్లబ్బువారి జట్టు ఎంపిక దగ్గరపడుతున్నదని వ్రాశావు. సంతోషం. అయితే, గురిని దగ్గరగా చూపే స్కోపును తుపాకీపై నిలబెట్టే మౌంటు మాత్రం అరువుదని తెలిసి నాకు నిద్రపట్టలేదు. అరువు సొమ్ము బరువుచేటు. అందుచేత కొత్తది పంపుతున్నాను. ఎంత ఎత్తుండాలో నేనే కొలిచాను గనుక పొరపాటుకు తావులేదు. తల ఎత్తి గురి చూడు.

ఇట్లు, నీ మేలుకోరే తాతయ్య.

తా.క. నీ ఉత్తరంలో పూర్ణవిరామాలు కనబడలేదు. పోటీకోసం వాటిని కూడా పొదుపు చేస్తున్నావా?

ఇంకో తా.క. నేను, అమ్మమ్మని. కవరు అంటించేది నేనే కాబట్టి ఇది ఆయనకు తెలీదు. మొన్న నన్ను చేతికర్రకి చెంప ఆనించమని స్కేలుతో ఏదో కొలిచారు. కొత్త కళ్ళజోడు వస్తుందని సంబరపడ్డానే! ఇంకా రాలేదు.

---

పూజ్యులైన తాతయ్యకు, మీ పిచ్చుక నమస్కారాలు.

మౌంటు అందింది. ఇంత శ్రద్ధగా నాకోసం ఎవరు కొంటారు తాతయ్యా! భలే ఎత్తుగా ఉంది. స్కోపుకీ గొట్టానికీ మధ్య పిచ్చుక గూడు కట్టుకోవచ్చు. క్లబ్బులో అందరూ ఆగి మరీ చూస్తున్నారు.

ప్రేమతో, మీ పిచ్చుక.

తా.క. మెడ కాస్త పట్టేసింది. చలికేమో.

---

చిరంజీవి పిచ్చుకకు తాతయ్య దీవెనలు.

మెడనొప్పికి కారణం చలి కాదు, వంగడం. మౌంటు ఇంకా పొట్టిగా ఉన్నదని స్పష్టమవుతున్నది. అంతకంటె ఎత్తైనది పంపుతున్నాను. తుపాకీ కొయ్యకు చెంప ఆనించే అలవాటుంటే తక్షణం మానుకో. బల్లకు చెంప ఆనించినవాడెవడూ నా తరగతిలో మెలకువగా లేడు.

ఇట్లు, తాతయ్య.

తా.క. మెడకు తైలం కూడా పంపుతున్నాను. తుపాకీకి రాయకు.

---

తాతయ్యకు, భయపడుతూ మీ పిచ్చుక.

ఇక దాచలేను. మీరు ముచ్చటపడి పంపారని నోరు మెదపలేదు. మా కోచ్ ఏమంటారంటే, చెంప ప్రతిసారీ కొయ్యమీద ఒకేచోట ఆనాలట. కళ్ళు మూసుకుని చెంప ఆనించి, కళ్ళు తెరిస్తే కన్ను స్కోపు నడిమధ్యకి రావాలి. అదే సరైన ఎత్తు. నాకేమో కళ్ళు తెరిస్తే మౌంటు ఇనుము కనబడుతోంది. గడ్డం గాల్లో పెట్టి కాలుస్తుంటే తూటాలు తలోదిక్కు పోతున్నాయి. సాధన పోటీలో అందరికంటే వెనకబడ్డాను. రెండో మౌంటు బిగిస్తే నాకు పీట కావాలి! ఎంపిక ఈ శనివారమే. అరువుదే అయినా ఆ పాత పొట్టిది పెట్టుకోనా తాతయ్యా?

మీ పిచ్చుక.

తా.క. ఇది అమ్మమ్మకి. తాతయ్యా, మీరు ఇక్కడ ఆపేయండి. అమ్మమ్మా, ఆయన కొలిచింది నీ ముఖం! నీది కోలముఖం, నాది నాన్న గుండ్రటి ముఖం. చెప్పవే!

---

చిరంజీవి పిచ్చుకకు తాతయ్య ప్రేమపూర్వకంగా:

చదవవద్దన్న భాగమే మొదట చదివాను. పొట్టిదే పెట్టుకో. నీవు పుట్టిననాటినుండి నీ ముఖంలో నాకు మీ అమ్మమ్మే కనబడుతున్నది. అందుచేత ఒకరిని కొలిస్తే ఇద్దరినీ కొలిచినట్లేనని భావించాను. నేను నొచ్చుకుంటానని మెడ నొప్పించుకున్నావు. నీ మంచి మనసుకు కృతజ్ఞుణ్ణి; నిజం చెప్పినందుకు అంతకుమించి.

ఇట్లు, దిద్దుకున్న తాతయ్య.

---

తాతయ్యా! అమ్మమ్మా!

జట్టులో చోటొచ్చింది!! చెంప ఆనించాను, కళ్ళు తెరిచాను, నల్లచుక్క ఎదురుగా నిలబడింది. మీరు సరేననకపోతే ఆ ధైర్యం ఉండేది కాదు. మీ మొదటి మౌంటుని క్లబ్బు రైఫిలుకి బిగించి ఉంచాం. ఆదివారం ఇద్దరూ రండి. కోచ్ మీకు థాంక్స్ చెప్పాలంటున్నారు.

మీ పిచ్చుక.

తా.క. పూర్ణవిరామాలు లెక్కపెట్టుకోండి.

---

చిరంజీవి పిచ్చుకకు తాతయ్య వ్రాయునది:

ఆదివారపు ఆతిథ్యానికి మా ఇద్దరి కృతజ్ఞతలు. నా కొలత తప్పు కాదని, మనిషి మాత్రమే మారినదని నీ కళ్ళతో నీవే చూశావు. ఆ మౌంటుతో మీ అమ్మమ్మ నడిమధ్యన కాల్చిన లక్ష్యపు కాగితాన్ని చట్రం కట్టించాను. గోడమీద చోటు చాలనందున నా సన్మానపత్రం దిగవలసి వచ్చింది. రెండవ మౌంటు బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తున్నది.

ఇట్లు, గర్వపడుతున్న తాతయ్య.

తా.క. అమ్మమ్మని. ఈసారి ఆయన ముందే రాస్తున్నా. పెద్దల జట్టులో నా పేరు రాయించవే. కళ్ళజోడు అడిగితే తుపాకీ అమర్చిపెట్టారు మహానుభావుడు. ఏ మాటకా మాటే, మీ తాతయ్య కొలిస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు!