అరబ్బీలో నువ్వన్న మాట

అక్కా,

నువ్వు కువైట్‌లో కన్నుమూసి రెండేళ్లయింది. ఇప్పుడు నేనూ అక్కడికే ఇంటిపనికి పోబోతున్నాను. రాయచోటిలో మన పక్కింటి మాబున్నత్త దగ్గర అరబ్బీ నేర్చుకుంటున్నాను. మాట్లాడడం కొంచెం వచ్చింది గానీ, ఎవరైనా గబగబా మాట్లాడితే ఒక్క ముక్కా అర్థం కాదు.

"ఒక్కో మాటా పట్టుకోవల్లని చూడబాకు పాపా. ఒకే ముక్కను మళ్లా మళ్లా ఇంటాండు. చెవికి అదే అలవాటైతాది," అంది అత్త.

వినడానికి నా దగ్గరున్నవి నీ పాత వాయిస్ మెసేజ్‌లే. ఈ పొద్దున ఒకటి పదిసార్లు విన్నాను. "నేను బాగుండా, నాకేం కష్టం లేదు," అని నువ్వు నాతో అంటుండగానే ఇంటావిడ పిలిచింది. నువ్వు అరబ్బీలో ఏదో అన్నావు. అప్పట్లో అది నాకు వట్టి శబ్దం. పదోసారికి తెలిసింది.

"అమ్మా, జ్వరంగా ఉంది. కాసేపు కూర్చుని, తర్వాత గిన్నెలు తోముతాను," అన్నావు.

"ఇప్పుడే రా," అందామె.

ఇంట్లో ఈ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఆ మెసేజ్ కింద, ఆ రోజు నేను పంపిన జవాబు ఇంకా ఉంది.

"నీకేమక్కా, ఏసీలో ఉండావు."