గంగయ్య మీద గంగయ్య గెలిచిన ఆట

మంగళవారం, ప్రొద్దుటూరు

మా చెస్ క్లబ్బు పాత ఆటల్లో రెండుసార్లు ఎక్కినవి తీసేద్దామని ఈరోజు కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ నడిపాను. అది పులివెందుల పోటీలోని ఆటనొకదాన్ని తప్పని పక్కన పెట్టేసింది. తెల్లపావులు గంగయ్య, నల్లపావులు గంగయ్య. మనిషి తనతో తాను ఎలా ఆడతాడని దాని అనుమానం. తాత పేరు నాకూ, మా చిన్నాన్న కొడుక్కీ పెట్టారని దానికేం తెలుసు? ఇంటిపేరూ ఒకటే. పోటీవాళ్ల కాగితం తీసి చూస్తే అందులోనూ అంతే.

జమ్మలమడుగులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను.

"పులివెందులలో మనిద్దరి ఆట ఎవరు గెల్చిందిరా?"

"నేనే గదన్నా! మంత్రిని ఇచ్చేసి గెల్చింటి. అప్పుడే మర్సిపోయినావా?"

మంత్రిని ఇచ్చి గెలిచింది నేనని ఇన్నేళ్లుగా క్లబ్బులో పిల్లలకు చెబుతున్నాను. అబద్ధం చెప్పానా? వాడూ అబద్ధమాడే రకం కాదే.

ఆటను మళ్లీ ఎక్కించాను. గెలిచింది తెల్లపావులవాడు, అంతవరకు ఖాయం. ఇంట్లో నేను పెద్ద గంగయ్యను, వాడు చిన్న గంగయ్య. తెల్లపావుల పేరు ముందు ‘పెద్ద’ అని కొట్టాను. చెరిపేశాను. మళ్లీ కొట్టాను.