మృగశిరకు ముందు నా కోయి చేపల పంపకం

ఎల్లారెడ్డి మండలంలో, పోచారం కాలువ నీళ్లు అందరికంటే చివర చేరే ఊరిలో ఉంటున్న రాజేశం కూతురు వినీత అనే నేను, ఇరవై ఏళ్లు నిండి, డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ పరీక్షలు పూర్తిచేసి, తెలివిలో ఉండగానే నా చేతితో రాసుకున్న వీలునామా ఇది. రాయమని నన్నెవరూ బలవంతం చేయలేదు. జరిగిన బలవంతమంతా రాయొద్దనే జరిగింది.

నా తెలివి గురించి మా ఇంట్లో రెండు అభిప్రాయాలున్నాయని ముందే చెప్పడం న్యాయం. తినని చేపలకు మేత వేసే మనిషికి తెలివి ఉందంటే మా బాపు వాళ్ల అన్న, అంటే పక్కింట్లో ఉండే పెద్దబాపు మార్కండేయ, ఒప్పుకోడు. ఆయన డాక్టరు కాడు కాబట్టి ఆ అభిప్రాయాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు.

కారణం ఇది. రేపు కామారెడ్డిలో నా పిత్తాశయం తీసేస్తారు. అందులో రాళ్లున్నాయి. చిన్న ఆపరేషనేనని, మూడో రోజు ఇంటికి పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత నర్సు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది. అందరూ చదవకుండానే పెడతారట. నేను చదివాను. "అనుకోని పరిణామాలు" అన్న చోట ఆగిపోయాను. అంత మెత్తని మాటలో అంత పెద్ద సంగతి పడుతుందని నాకు అప్పుడే తెలిసింది. "ఏందమ్మా, పరీక్ష రాస్తున్నవా? సంతకం వెట్టు" అని నర్సు విసుక్కుంది. పెట్టాను.

రెండో కారణం మొదటిదానికంటే పెద్దది. ఎల్లుండి మృగశిర కార్తె. ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా రోగాలు తప్పవని మా వైపు ఇంటింటా నమ్మకం. ఆ రోజు నేను ఇంట్లో ఉండను. నా ప్రాణం డాక్టరమ్మ చేతిలో ఉంది కాబట్టి దాని గురించి పెద్దగా భయం లేదు. నా చేపల ప్రాణం మా ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది.

ఒకటి. ఆస్తి వివరం.

కుంట తవ్విన నేల బాపుది. వరి సరిగా పండని మూల మడి అది. నాకు రాసివ్వలేదు. "ఆడుకో పో" అన్నాడు. ఆ మాటే నా హక్కుపత్రం. నేల జోలికి పోకుండా, నీళ్లలో ఉన్నవాటిని, వాటికి కావలసిన సామానును మాత్రమే పంచుతున్నాను. ఎల్లారెడ్డిలో దస్తావేజులు రాసే దేవయ్య తాతను, చేప స్థిరాస్తా చరాస్తా అని అడిగాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "వట్టుకుంటె జారిపోయేదంత చరాస్తే బిడ్డా" అన్నాడు. మా లెక్చరర్లు ఇంత స్పష్టంగా ఏదీ నిర్వచించలేదు.

కుంటకు హద్దులు: తూర్పున పెద్దబాపు వరి మడి, ఏటేటా ఇటు జరుగుతూ వచ్చే ఆయన గట్టు. పడమర బర్రెల కొట్టం. ఉత్తరాన బోరు. దక్షిణాన మా వంటింటి వెనక తలుపు. చేపల దృష్టితో చూస్తే నాలుగింటిలో ప్రమాదకరమైన హద్దు ఇదే.

రెండు. కుంకుమ గురించి.

ఆమె ఇప్పుడు లేదు కాబట్టి ఆమెను ఎవరికీ ఇవ్వలేను. కానీ ఈ వీలునామా ఎందుకు పుట్టిందో వారసులకు తెలియాలి.

కుంకుమ తెల్లని కోయి. ఒళ్లంతా ఎక్కడా మచ్చ లేదు, నెత్తిన మాత్రం ఒక ఎర్రని బొట్టు. ఇలాంటిది కావాలని పెంచితే రాదు. తల్లికి బొట్టు ఉన్నంత మాత్రాన పిల్లకు ఉండదు. వేలకొద్దీ పిల్లల్లో ఎప్పుడో ఒకదానికి వస్తుంది. మా బాపమ్మ నర్సవ్వ ఆమెకు మేత వేసే ముందు చెప్పులు విడిచేది.

కోయి అన్నది మనం తినే బంగారు తీగ జాతి చేపేనని, రంగు కోసం తరతరాలుగా ఏరి పెంచారని క్లాసులో చెప్పారు. ఆ సంగతి నేను ఇంట్లో అన్నం తింటూ చెప్పాను. శాస్త్రాన్ని అంత శ్రద్ధగా విన్నవాడు మా కుటుంబంలో పెద్దబాపు ఒక్కడే. పోయిన మృగశిర నాడు నేను కామారెడ్డిలో పరీక్ష రాసి సాయంత్రం బస్సుకు వచ్చేసరికి వాకిట్లోకే పులుసు వాసన వచ్చింది. బజార్లో చేప ధర ఆకాశంలో ఉందట, ఇంట్లో బంగారు తీగ ఉండగా కొనడం దండగట. "మీ సారే జెప్పిండు గద బిడ్డా" అన్నాడు.

గిన్నె మూత తీసి నాకోసం దాచిన ముక్క చూపించాడు. "తలకాయ నీకే తీసిపెట్టిన. సదువుకునేటోళ్లకు మంచిది." ఆయన నిజంగానే ప్రేమతో దాచాడు. అందుకే ఇప్పటికీ ఆయన్ని తిట్టడానికి సరైన మాట దొరకలేదు, నిఘంటువు మొత్తం నా దగ్గరే ఉన్నా.

రుచి గురించి ఆయన తీర్పు కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను: "ముల్లెక్కువ. అంత రుచేం లేదు."

మూడు. బాపు రాజేశానికి.

గాలి పంపు, దాని పైపులు, వాటితోపాటు రెండు నాలుకలు. బ్యాంకువాళ్లు వచ్చినప్పుడు బాపు కుంటను "అలంకార చేపల పరిశ్రమ" అంటాడు. చుట్టాలు వస్తే "పిల్ల ఆడుకుంటది" అంటాడు. ఏ నాలుక ఎప్పుడు వాడాలో ఆయనకే తెలుసు. కరెంటు పోయిన ప్రతిసారీ నాకంటే ముందు లేచి, చేపలకు గాలి అందాలని బకెట్‌తో నీళ్లు తోడి పైనుంచి మళ్లీ కుంటలోనే పోసేది కూడా ఆయనే. నేను చూస్తున్నానని తెలిస్తే "నిద్ర వట్టలే" అనేవాడు. ఆ బకెట్ కూడా ఆయనకే.

నాలుగు. అమ్మకు.

అప్పుడే పుట్టిన చేపపిల్లలకు ఉడికిన గుడ్డులోని పచ్చసొనను పలచని బట్టలో వడకట్టి వేయాలి. "నా పిల్లలకు లేని గుడ్డు గా పురుగులకా" అంటూనే అమ్మ రోజూ గుడ్డు ఉడకబెట్టింది. ఆ బట్ట ఆమె పెళ్లినాటి చీర చెంగు. అడిగితే ఇవ్వదని అడగకుండా చింపాను. మిగిలిన చీరను ఆమెకే వీలునామా ద్వారా తిరిగి ఇస్తున్నాను. ఒకరి చీరను వారికే దానం చేయవచ్చా అని అడిగితే, "రోజూ జరిగేది గదే బిడ్డా" అన్నాడు దేవయ్య తాత.

ఐదు. తమ్ముడు అభిలాష్‌కు.

కొంగల్ని తరిమే కర్ర. కుంట మీద వల కట్టినా కొంగలు వల అంచున వచ్చి నిలబడతాయి. అభిలాష్ కుంట దగ్గర కూర్చుని ఫోన్ చూస్తుంటే, కొంగ పక్కనే నిలబడి అదే ఫోన్ చూడటం నేను కళ్లారా చూశాను. కర్ర వాడితే వాడిది, వాడకపోతే కొంగది.

ఆరు. బాపమ్మ నర్సవ్వకు.

కోయి పెంపకంలో కష్టమైన పని ఏరివేత. పిల్లలు కొంచెం ఎదగగానే మచ్చ బాగున్నవాటిని ఉంచి మిగతావాటిని తీసేయాలి. తీసేసినవాటిని నేను బకెట్‌లో వేస్తే, బాపమ్మ కొంగు కింద దాచుకుని పోయి బర్రెలు నీళ్లు తాగే గోలెంలో వదిలేది. పట్టుబడిన రోజు నన్నే ఎదురు అడిగింది: "మచ్చ సక్కగ లేదని పిల్లల్ని పారేస్తరానే? మీ తాత గట్ల జూసుకుంటె మీ బాపు ఉంటుండెనా?"

అప్పటినుంచి మా బర్రెలు చేపల మధ్య మూతి పెట్టి తాగుతున్నాయి. గోలెంలోని వంకర మచ్చల చేపలన్నీ, వాటి సంతానమంతా బాపమ్మవే. ఇవి నా చేపలన్నిటికంటే సంతోషంగా ఉన్నాయి. ఎందుకో శాస్త్రం చెప్పలేదు.

ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా బాపమ్మకే ఇస్తున్నాను. ఆమెకు చదువు రాదు. అందువల్ల ఇందులో లేని అర్థాలు తీసే ప్రమాదం లేదు.

ఏడు. మృగశిర నాడు వచ్చే చుట్టాలకు.

చేపల్ని చూసే హక్కు. వాటి బరువు అంచనా వేసే హక్కు లేదు.

ఎనిమిది. చిన్న కుంకుమ.

కుంకుమ పిల్లలన్నిటిలో తల్లి బొట్టుతో పుట్టింది ఇదొక్కటే. ఇప్పుడు మూడో ఏడు. మొదటిసారి గుడ్లతో ఉంది. తొలకరి పడితే పెడుతుంది. మా ఊరు చేప తినడానికి సిద్ధమయ్యే కార్తెలోనే చేప గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఇది పులుసులోకి పోతే ఆ బొట్టు వంశం అక్కడితో అయిపోతుంది. నేను పంచుతున్నవాటిలో పోగొట్టుకోలేనిది ఇదొక్కటే.

చిన్న కుంకుమను, నా మరణానంతరం, సర్వహక్కులతో, నిరభ్యంతరంగా, మా పెద్దబాపు మార్కండేయకు దఖలు పరుస్తున్నాను.

ఇది చదివి అమ్మ ఏడవకూడదు. మత్తుమందు ముందే ఇచ్చారా అని బాపు అడగకూడదు. నేను చాలా ఆలోచించి రాశాను. పెద్దబాపు పెరట్లో కోళ్లున్నాయి. ఏ పండగకైనా వాటిలో ఒకటి తగ్గినట్టు ఊళ్లో ఎవరూ చూడలేదు. బోనాలకు ఆయన మా కోడి తింటాడు. పెళ్లిలో పెళ్లివారి మేకను తింటాడు. అల్లుడు మొదటిసారి వచ్చినప్పుడు పుంజును పట్టుకొచ్చి చూపించి, "మంచిగున్నది గదా అల్లుడా" అని, మళ్లీ గంప కింద పెట్టి, పప్పుతో భోజనం పెట్టించాడు. ఆయన కోళ్లు ముసలితనంతో, మనవల మధ్య, ప్రశాంతంగా కన్నుమూస్తాయి. ఈ మండలంలో ఏ ప్రాణికైనా ఆయన సొంతం కావడాన్ని మించిన రక్షణ లేదు.

షరతులు: గుడ్లు అంటుకోవడానికి నీళ్లలో కొబ్బరి పీచు వేలాడదీయాలి. పెట్టగానే తల్లిని వేరే తొట్టిలోకి మార్చాలి, లేకపోతే తన గుడ్లు తానే తింటుంది. మార్చేటప్పుడు తడి చేత్తో పట్టుకోవాలి.

తొమ్మిది. పై అంశం ఇప్పటికే అమల్లోకి వచ్చిన తీరు.

నిన్న పెద్దబాపు జేబులో పెన్ను పెట్టుకుని సాక్షి సంతకం చేస్తానని వచ్చాడు. ఆస్తి పొందేవాళ్లు సాక్షిగా ఉండకపోవడం మంచిదని దేవయ్య తాత ఆపాడు. "అయితే నాకేదో రాసినవన్నట్టు!" అన్నాడు పెద్దబాపు. చదివి వినిపించాను. కోళ్ల భాగం వదిలేశాను. ఆయన "గంత మంచిది నాకెందుకు రాసినవ్ బిడ్డా" అని మాత్రం అడిగి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు కొంచెం సిగ్గుపడింది.

అప్పటినుంచి కుంట గట్టున ఆయన మంచం ఉంది. వల చిరిగిన చోట తన ఇంటి తీగ తెచ్చి కుట్టాడు. తన డబ్బుతో కొన్న తీగ అది. ఈ రోజు పొద్దున చుట్టం ఒకాయన వచ్చి, "ఎల్లుండికి ఒక్క చాపనన్న ఇయ్యరాదు మార్కండన్నా" అంటే, "నా చాపల దిక్కు జూస్తె కాళ్లిరుగుతయ్. బజార్ల దొర్కయా నీకు?" అని మంచం మీదినుంచే అరిచాడు. మేత వేయడానికి వెళ్లిన నన్ను కూడా చేతిలో ఏముందో చూపించమన్నాడు.

పది. రద్దు.

నేను బతికి తిరిగి వస్తే ఈ కాగితం వల్ల ఎవరికీ ఏ హక్కూ రాదని దేవయ్య తాత చెప్పాడు. ఆ సంగతి పెద్దబాపుకు చెప్పే బాధ్యతను నేను ఎవరికీ అప్పగించడం లేదు.

పైవన్నీ చదివి, కొట్టివేతలు లేవని చూసుకుని సంతకం చేస్తున్నాను.

2025 జూన్ 6, శుక్రవారం. మా ఇంటి వాకిట్లో.

(సంతకం) వినీత, తండ్రి రాజేశం

సాక్షులు:
1. దేవయ్య, దస్తావేజుల లేఖరి, ఎల్లారెడ్డి
2. పద్మప్రియ, నా క్లాస్‌మేట్, కామారెడ్డి. ఈమె శాకాహారి.