దేవుడు పెద్దగా కనిపించే లెన్సు

మిర్యాలగూడ, 2003. శ్రావణ పౌర్ణమికి ముందు రాత్రి.

రేపు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ముందరి గది ఇరుకు. మా కొడుకు, కొత్త కోడలు పీటల మీద కూర్చుంటే తన పాత రీలు కెమెరాలో అందరూ పట్టరని, మా ఆయన సూర్యాపేట స్నేహితుడి స్టూడియో నుంచి రెండు వైడ్ లెన్సులు తెచ్చారు. ఒకటి ఇరవై ఎనిమిది ఎమ్మెమ్‌ది, ఇంకొకటి ముప్పై ఐదుది. పొద్దున్నే ఒకటి తిరిగి పంపాలి.

సాయంత్రం గోడకు ఆనుకుని రెండూ బిగించి చూసి, కెమెరా నా చేతికిచ్చారు. "నువ్వే సూసి చెప్పు. ఏది ఉంచుకుందాం?"

ఇరవై ఎనిమిదిలో గడప దాకా కనిపించింది. గడప దగ్గర మా పెద్ద తోటికోడలు, నేను అక్కా అని పిలిచే ఆమె, పూలు గుచ్చుతోంది. బావగారు పోయినప్పటి నుంచి పూజలప్పుడు ఆమె కూర్చునే చోటు అదే. ముప్పై ఐదులో పీటలు, పటం మాత్రమే ఉన్నాయి. మొదటి వ్రతం ఫోటోలో ఆమె ఉంటే వియ్యాలవారు ఏమంటారో అనిపించింది. ఆ మాట అనలేదు. "ముప్పై ఐదే ఉంచుండ్రి. దేవుడు పెద్దగ కనవడుతున్నడు" అన్నాను.

"నన్ను గూడ జర సూడనియ్యి" అంటూ అక్క వచ్చి కెమెరా అందుకుంది. కాసేపు చూసి, "నేను కూసునే జాగ ఇందుల రాదు గదా. మంచిగనే ఏరినవ్ చెల్లె" అంది, నవ్వుతూనే.

రేపు పీటల మీద కూర్చునేవాణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆమే.

రాత్రి దీపం ముందు కూర్చున్నా మనసు నిలవలేదు. దేవుడి పేరు చెప్పి ఆమెను తప్పించాను. ఇరవై ఎనిమిది పొద్దున పంపడానికి సంచిలో కట్టి ఉంది. ఆయన నిద్రపోతున్నారు. లేపితే కారణం అడుగుతారు. దేవుడు చిన్నగా కనిపించినా ఫరవాలేదని చెప్పాలి...